లెక్కల పుస్తకాన్ని అప్పుడే అమ్మేయకండి

పదో తరగతి ఫలితాలు వచ్చినప్పటి నుంచి తల్లిదండ్రుల ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. మా క్లినిక్‌లో ఈ వారంలోనే నలుగురు చూపించారు. దాని సారాంశం ఇది: ‘‘మీ పిల్లలకు లెక్కలంటే భయమా? బైపీసీలో చేర్చండి. నీట్‌లో గణితం లేదు. ఎంబీబీఎస్‌లో అసలే లేదు. మందుల మోతాదు చూడటానికి ఫోను ఉంది, నర్సు ఉంది. గణితం పరిశోధన చేసేవాళ్లకే కావాలి. పదో తరగతి లెక్కల పుస్తకాన్ని కోఠీలో అమ్మేయండి.’’

నేను మలక్‌పేటలో పిల్లల డాక్టరుని. రోజూ లెక్క వేయకుండా ఒక్క చీటీ కూడా రాయలేని వృత్తి నాది. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెబుతున్నాను.

నీట్‌లో గణితం పేపరు లేని మాట నిజం. ఇంటర్‌లో గణితం చదవనివాళ్లు కూడా ఆ పరీక్ష రాయవచ్చు. కానీ 720 మార్కుల్లో 180 ఫిజిక్స్‌వి, మరో 180 కెమిస్ట్రీవి. ఎంపీసీ వాళ్లు చదివే ఫిజిక్స్ పాఠాలే బైపీసీ వాళ్లూ చదవాలి. మొదటి నెలల్లోనే సదిశలు (వెక్టర్లు), సైన్, కాస్, గ్రాఫుల వాలు వచ్చేస్తాయి. వాటిని విడిగా నేర్పే లెక్కల పీరియడు మాత్రం వీళ్లకు ఉండదు. 2025లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఇచ్చారు. కాలిక్యులేటర్‌ను లోపలికి తీసుకెళ్లనివ్వరు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత. జీవశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకుని కూడా ఫిజిక్స్ దగ్గర చతికిలపడి, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో మరో ఏడాది గడిపిన పిల్లలు నా దగ్గరకు తలనొప్పి అని, నిద్ర పట్టడం లేదని వస్తారు. చేరేటప్పుడు వాళ్లకు చెప్పిన మాట కూడా ఇదే: బైపీసీలో లెక్కలుండవు.

ఎంబీబీఎస్‌లో కలనగణితం (కాలిక్యులస్) లెక్కలు చేయించరు, ఒప్పుకుంటాను. అయితే కమ్యూనిటీ మెడిసిన్‌లో గణాంకశాస్త్రం ఉంది. పీజీలో థీసిస్ రాయాలంటే ఎంతమంది రోగులను చూడాలో ముందే లెక్క కట్టాలి. ఈ విషయానికి ఇంతకంటే ఎక్కువ చెప్పనక్కర్లేదు.

నాకు నిజంగా కోపం తెప్పించినది మూడో మాట, ఫోనూ నర్సూ చూసుకుంటారన్నది.

పది కిలోల పాపకు జ్వరం అనుకోండి. పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన 150 మిల్లీగ్రాములు ఇవ్వాలి. ఇక్కడి వరకు ఫోను చెబుతుంది. కానీ సీసాలో ఏముంది? ఒక సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, ఇంకో దానిలో 250. చంటిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100. అంటే అదే పాపకు మొదటిది 6 మిల్లీలీటర్లు, రెండోది 3, మూడోది ఒకటిన్నర. ఒక తల్లి ఇలాగే ‘‘ఆరు’’ అన్న అంకెను గుర్తు పెట్టుకుంది. ఈసారి దుకాణంలో గాఢత ఎక్కువున్న సీసా ఇచ్చారు. దానితోనూ ఆరే పోసింది. అది రెట్టింపు మోతాదు. ఒక్కసారే కాబట్టి పాపకు ఏమీ కాలేదు. అదే చుక్కల మందయితే నాలుగు రెట్లు అయ్యేది, కాలేయం మీదికి వచ్చే ప్రమాదం ఉండేది. తప్పు ఆ తల్లిది కాదు. సీసా మారితే అంకె మారుతుందని ఆమెకు విడమరచి చెప్పవలసింది మేము. అలా చెప్పాలంటే ఆ నిష్పత్తి మా నాలుక చివర ఉండాలి.

ఇన్సులిన్ సంగతి ఇంకా భయం పుట్టిస్తుంది. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. దేని సిరంజి దానికే. 100 యూనిట్ల మందును 40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. ఈ పొరపాటును పట్టుకోవడానికి కావలసింది ఏడో తరగతి లెక్క. కాకపోతే అర్ధరాత్రి రెండింటికి, పక్కన బంధువులు ఏడుస్తుండగా, తడబడకుండా రావాలి.

ఇక నర్సు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో నేను ఒక బిడ్డకు రాసిన మోతాదులో దశాంశ బిందువు ఒక స్థానం జరిగింది. పది రెట్లు. మందు ఎక్కించే ముందు ఒక సీనియర్ సిస్టర్ ఆగి, ‘‘డాక్టర్, ఒకసారి చూడండి’’ అన్నారు. ఆ బిడ్డను కాపాడింది ఆవిడ. ఆవిడ తన లెక్క తాను వేశారు కనుక తప్పు బయటపడింది. ఇద్దరూ విడివిడిగా లెక్క వేస్తేనే ఆ రక్షణ. డాక్టరు తన వంతు వదిలేస్తే మిగిలేది ఒక్కటే లెక్క, దాన్ని సరిచూసేవాళ్లు ఎవరూ ఉండరు. అప్పటి నుంచి 5.0 అని ఎన్నడూ రాయను, 5 అనే రాస్తాను. చుక్క మసకబారితే అది 50 అవుతుంది. అర అయితే ముందు సున్నా పెట్టి 0.5 అంటాను.

పరిశోధకులకే గణితమా? నగరంలో ఇప్పుడు ఎక్కడ చూసినా హెల్త్ ప్యాకేజీలే. ఏ లక్షణమూ లేని మనిషి ఒక పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ వచ్చిందనుకుందాం. జబ్బు నూటికి ఒక్కరికే ఉంది, పరీక్ష నూటికి 95 సార్లు సరిగ్గా చెబుతుంది. పదివేల మందిలో జబ్బున్న వంద మందిలో 95 మంది దొరుకుతారు. జబ్బు లేని 9,900 మందిలో 495 మందికి కూడా పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 590 మందిలో నిజంగా జబ్బున్నవాళ్లు 95 మంది, నూటికి 16. ఈ లెక్క తెలియని డాక్టరు ఒక ఇంటిల్లిపాదినీ వారం రోజులు నిద్ర లేకుండా చేయగలడు.

దూరం ఎందుకు, బేగంపేటలోనే ఉదాహరణ ఉంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ చూసింది అక్కడే. 1902లో నోబెల్ వచ్చింది. అంతటితో ఆయన ఆగలేదు. దోమలన్నిటినీ చంపలేం కదా, ఇక నివారణ వృథా అనేవారికి గణితంతో జవాబిచ్చారు. దోమల సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే చాలు, వ్యాధి తనంతట తానే తగ్గిపోతుందని సమీకరణాలు రాసి చూపారు. ఆయన చదివింది వైద్యమే, గణితం సొంతంగా నేర్చుకున్నారు.

ఈ సందేశానికి బదులుగా కొందరు మరో మాట అంటున్నారు: లెక్కల్లో వెనుకబడినవాళ్లు డాక్టరు చదువుకే పనికిరారని. అది ఇంకా అన్యాయం. మాకు కావలసినవి శాతాలు, నిష్పత్తులు, యూనిట్ల మార్పిడి, గ్రాఫు చదవడం, సంభావ్యత, కాస్త సంవర్గమానాలు (లాగరిథమ్స్). రక్తం ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ 7.4 నుంచి 7.1కి పడిందంటే తేడా 0.3 మాత్రమే కాదు, హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని అర్థం. అది తెలియడానికి సంవర్గమానాలు చాలు. ఇవన్నీ బడిలో చెప్పినవే. భయపడే బిడ్డకు కూడా ఓపికగా చెబితే వచ్చేవే. ఇంటర్ తరగతులు మొదలయ్యే లోపు రోజుకో గంట కూర్చోబెట్టండి. సంవర్గమానాలు మన తెలంగాణ పదో తరగతి పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే ఉన్నాయి. కోఠీకి పంపాలనుకుంటే నీట్ అయ్యాక పంపండి.