మహారాజశ్రీ వెనక డ్రమ్ము బ్రేకు గారికి

మహారాజశ్రీ వెనక డ్రమ్ము బ్రేకు గారి సముఖమునకు, తమరి పెడల్ తొక్కి తొక్కి కాలు నొప్పి పుట్టినవాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నా మోచెయ్యి తప్ప తక్కినవన్నీ క్షేమం. మోచేతికేమైందో తమరికి తెలియనిది కాదు. నిన్న చెరువుకట్ట దిగుతున్నప్పుడు తమరు చెప్పాపెట్టకుండా సెలవు పెట్టారు.

తమరిది చిన్న వంశం కాదని నాకు తెలుసు. 1968లో యమహా డీటీ-1 బండి మట్టిబాట పట్టినప్పుడు రెండు చక్రాల్లోనూ తమరివాళ్లే. 1973లో హోండా ఎల్సినోర్ బండి మోటోక్రాస్‌లోకి, అంటే మట్టి ట్రాకు రేసుల్లోకి, దిగినప్పుడూ అంతే. 1980ల రెండో సగంలో వెనక చక్రానికి కూడా డిస్కు బ్రేకులు వచ్చేదాకా, బురదలో ప్రపంచ ఛాంపియన్లను ఆపింది తమరి బంధుగణమే. వాళ్లంతా ఆగారు. ముప్పై ఏళ్లు దాటిన నూరు సీసీ టూ-స్ట్రోక్ బండిని మట్టి రేసులకు తయారు చేసుకున్న నేను మాత్రం తుమ్మచెట్టు ఆపితే ఆగాను.

సరే, ఆ సంగతి పక్కన పెట్టండి. మెకానిక్ దగ్గర ఏం జరిగిందో మనవి చేసుకుంటాను. ఆయన బండిని స్టాండెక్కించాడు. వెనక చక్రాన్ని చేత్తో గిర్రున తిప్పాడు. పెడల్ నొక్కాడు. తమరు ఠక్కున ఆపారు. "ఆగుతుంది గదన్నా" అన్నాడు. ఇంకో చోటికి పోయాను. అక్కడా స్టాండు, అక్కడా గిర్రు, అక్కడా ఠక్కు. "ఆగుతుంది గదన్నా." మధ్యాహ్నమంతా ఇదే పాట. అన్నం కూడా తినలేదు.

ఆగక ఏం చేస్తుందండీ? గాల్లో చేత్తో తిప్పిన ఉత్త చక్రం అది. దాని మీద బండి బరువు లేదు, నా బరువు లేదు, వాలు లేదు. ఆ చక్రాన్ని మా మేనకోడలు చెప్పు అడ్డం పెట్టి ఆపుతుంది, దానికి తమరే అక్కర్లేదు. ఆ సంగతి తమరికీ తెలుసు. తెలిసే పదిమంది ముందు బుద్ధిమంతుడి వేషం వేస్తారు. నేనేమో అబద్ధాలకోరులా నిలబడాలి.

చిన్న చిన్న మనవులు కూడా ఉన్నాయి. పెడల్ తొక్కితే తిరిగి, లోపలి షూలని డ్రమ్ము గోడకి నెట్టేది కామ్. దానికి గ్రీజు ఎండిపోతే పెడల్ వెనక్కి రాదు, కాస్త ఎక్కువ రాస్తే షూల మీదికి కారుతుంది. తమరిని ఎటు సంతోషపెట్టాలో తెలియదు. ఎవరో మహానుభావుడు కామ్‌ని బయటినుంచి తిప్పే ఆర్మ్‌ని ఒక పన్ను జరిపి బిగించి పోయాడు. అందుకే ఆర్మ్ వాలు చూస్తే అరిగిన షూలు బయటికి కొత్తవాటిలా కనిపించేవి, లోపల కామ్ మాత్రం అడ్డం తిరగబోతూ ఉండేది. ఇంకొకాయన డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్‌తో నా మొహం మీదికే ఊదాడు. షూల మీది పాత లైనింగు పట్టీల్లో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చయ్యా, తడిగుడ్డతో తుడువు అంటే నవ్వాడు.

చివరికి అసలు పరీక్ష రాత్రి నేనే చేశాను. గట్టిగా తొక్కితే ఏమీ తెలియదు. షూ డ్రమ్ముకి ఆనీ ఆనకుండా పెడల్‌ని పట్టి ఉంచి, చక్రాన్ని నెమ్మదిగా తిప్పాలి. చర్ర్... ఏమీ లేదు. చర్ర్... ఏమీ లేదు. చుట్టుకి రెండుసార్లు. ట్యూబు వాల్వు దగ్గర ఒకసారి, సరిగ్గా దానికి ఎదురుగా ఇంకోసారి. విప్పి చూస్తే షూ మధ్యలో బొటనవేలంత మేర నున్నగా మెరుస్తోంది. మిగతా లైనింగు అసలు పనే చేయలేదు. అమ్మినవాళ్లు వేసిన రంగుగీత కూడా చెరగలేదు.

మొన్న కొత్త రిమ్ము కట్టించాం కదా, బెండు తీసినవాడు స్పోకుల్ని ఒకపక్క పీకలు నొక్కినట్టు బిగించి, ఒకపక్క వదిలేశాడు. అవి హబ్‌ను, అంటే డ్రమ్ము ఉన్న చక్రం నడిమి భాగాన్ని, లాగేశాయి. డ్రమ్ము కాస్తా కోడిగుడ్డయి కూర్చుంది. తొక్కినప్పుడల్లా పెడల్ కాలికింద ఎగిరెగిరి పడింది ఇందుకే! దాన్ని కూడా "పాత బండి గదన్నా" అనే అన్నారు.

అయినా నాకు వాడి మీద కోపం లేదు. నీ మీదే. అవును, నీ మీదే. డిస్కు బ్రేకుని చూసి నేర్చుకో. ప్యాడు ఎంత మిగిలిందో వంగి చూస్తే కనబడుతుంది. నువ్వేమో మూతేసుకుని కూర్చుంటావు. నీ మొహం చూడాలంటే రాడ్డు నట్టు తీయాలి, నీ మూతని తిరక్కుండా పట్టే టార్క్ ఆర్మ్ పిన్ను తీయాలి, యాక్సిల్ లాగాలి, చైను దించాలి. చూసి మళ్లీ బిగించేటప్పుడు పెడల్ తొక్కిపట్టి యాక్సిల్ నట్టు బిగించకపోతే షూలు మధ్యకి రాలేదని మళ్లీ అలుగుతావు. ఇంత రహస్యం దేనికి? లోపలున్నది రెండు షూలు, రెండు స్ప్రింగులు, ఒక కామ్. దాచుకోడానికి ఏముందని?

"పీకేసి డిస్కు వేయించు" అని స్నేహితులందరూ అంటున్నారు. వెనక చక్రాన్ని మోసే స్వింగార్మ్ కోసి, బ్రాకెట్ వెల్డింగు చేయించి, ఆ గోలంతా. వేయించను. కారడానికి నీలో ఆయిల్ లేదు, పగలడానికి గొట్టం లేదు. ఎక్కడో గట్టు మీద కూర్చుని చేత్తో ఒక్క నట్టు తిప్పితే సర్దుకుంటావు. ఆ ఒక్క గుణం చూసి ఊరుకుంటున్నాను.

కాబట్టి ఏర్పాటు ఇదీ. స్పోకులన్నీ సమానంగా బిగించాకే, లోపల మళ్లీ గుండ్రంగా చెక్కించుకోడానికి చక్రం చక్రంగానే లేత్ ఎక్కుతావు. విడి హబ్‌ను కోయించి తర్వాత స్పోకులు బిగిస్తే మళ్లీ వంకర పోతావని తెలిసింది. 18 అంగుళాల చక్రం పట్టే పెద్ద లేత్ ఒకటి దొరికింది. నీ లోపల చెక్కిన గరిష్ఠ కొలత దాకా ఎలాగూ పోనివ్వను, లేత్ వాడు "ఇంకొంచెం లాగుదామా" అన్నా సరే. తర్వాత కొత్త షూలు, కొత్త స్ప్రింగులు, కామ్‌కి గోరంత గ్రీజు. ఇన్ని చేశాక కూడా స్టాండు మీద మాత్రమే ఆగావో, పాత ఇనప సామాన్ల వాడి నంబరు నా ఫోనులో ఉంది. కిలో రేటు కూడా కనుక్కున్నాను.

ఇట్లు,
స్టాండు దిగాక కూడా ఆగాలని కోరుకునే
నీ యజమాని