సవరణ: వోల్టేజీ తగ్గితే గీజర్ ఎక్కువ కరెంటు లాగదు

వోల్టేజీ 180కి పడిపోయినప్పుడు 2000 వాట్ల గీజర్ ఆ 2000 వాట్లను నిలబెట్టుకోవడానికి ఎక్కువ కరెంటు, అంటే 11 ఆంపియర్లు లాగుతుందని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. పవర్ మారదనుకుని 2000ని 180తో భాగించడమే నేను చేసిన పొరపాటు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చెప్పే ఒక మాస్టారు దీన్ని గుర్తించి చెప్పారు. పదో తరగతి భౌతికశాస్త్రంలోని ఓమ్ నియమంతో (వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది) మళ్లీ లెక్క వేసి చూశాను.

గీజర్‌లో దాదాపు మారకుండా ఉండేది కాయిల్ నిరోధం. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లంటే కరెంటు 8.7 ఆంపియర్లు. 230ని 8.7తో భాగిస్తే నిరోధం సుమారు 26.5 ఓములు. ఇప్పుడు 180ని 26.5తో భాగించండి: 6.8 ఆంపియర్లే. పవర్ 180 × 6.8, అంటే దాదాపు 1,220 వాట్లు. అందుకే అరగంటలో కాగే నీళ్లకు 50 నిమిషాల దాకా పడుతుంది.

లో వోల్టేజీలో కరెంటు పెరిగి వైండింగ్ (లోపల చుట్టిన తీగ) కాలిపోయేది బోరు మోటార్ల లాంటి వాటిలో. లోడు మీద తిరిగే మోటారుకు ఈ కాయిల్ లెక్క వర్తించదు. నేను ఆ రెండింటినీ కలిపేశాను.

లో వోల్టేజీ కోసమని గీజర్‌కు వైరు మార్చమన్న నా సలహాను కూడా వదిలేయండి. 230 వోల్టుల కరెంటుకు సరిపోయే వైరు, 16 ఆంపియర్ల సాకెట్ ఉంటే చాలు.