పక్కన డ్రమ్మర్ ఎవరో చూడకుండా బేసిస్టుకు ర్యాంకు ఇస్తారా?

అందరికన్నా గొప్ప బేస్ గిటారిస్టు (పాటకు అడుగున మోగే మంద్ర స్వరాల గిటార్ వాయించేవాడు) ఎవరని 2011లో అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ తన పాఠకులను అడిగింది. ఓట్లలో మొదటి స్థానం బ్రిటిష్ రాక్ బృందం ద హూలోని జాన్ ఎంట్‌విసిల్‌కు దక్కింది. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ బృందపు ఫ్లీ, బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్నీ, రష్ బృందపు గెడ్డీ లీ ఆ తర్వాత నిలిచారు. డెట్రాయిట్‌లోని మోటౌన్ రికార్డు సంస్థ హిట్లకు ఏళ్ల తరబడి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌కు మాత్రం తొలి పదిలో చోటే లేదు. 2020లో అదే పత్రిక తన సొంత జాబితా వేసింది. అందులో జేమర్సన్ ఒకటో స్థానంలో ఉన్నాడు. ఎంట్‌విసిల్ మూడో స్థానానికి దిగాడు.

అభిమానులకు చెవి లేదని, విమర్శకులకే ఉందని దీన్నిబట్టి తేల్చేయడం తేలిక. నేను ఒప్పుకోను. అభిమానులు ఎంచుకున్న మనిషి సరైనవాడే, ఎంచుకోవడానికి చెప్పే కారణమే చాలదు. వేళ్ల వేగం అంటారు, బేస్‌ను లీడ్ గిటార్‌లా (రాగాలు పలికించే ప్రధాన గిటార్‌లా) వాయిస్తాడంటారు. నిజమే, వాయించాడు. కానీ ఎందుకు అలా వాయించాల్సి వచ్చింది? ఆ బృందంలో ఖాళీ ఎక్కడుందో చూస్తేనే దానికి జవాబు దొరుకుతుంది.

ద హూలో ఉన్నది ఒక్కటే గిటార్. పీట్ టౌన్షెండ్ దాని మీద ఎక్కువగా కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగే స్వరాలు) మోగించేవాడు. డ్రమ్మర్ కీత్ మూన్ లయను నిలబెట్టి కూర్చునే రకం కాదు, పాట పొడవునా డ్రమ్స్ అన్నిటి మీదా పరిగెత్తేవాడు. దాంతో లయ పట్టే బాధ్యత చాలావరకు టౌన్షెండ్ కుడిచేతి మీద పడింది. రాగం అల్లే పని బేస్‌కు వచ్చింది. మామూలు బృందంలో గిటారూ బేసూ పంచుకునే పనులు ఇక్కడ తారుమారయ్యాయి.

1965 నాటి ద హూ పాట ‘మై జనరేషన్’లో బేస్ సోలో (బేస్ ఒక్కటే ముందుకొచ్చే భాగం) ఉంటుంది. హిట్ పాట మధ్యలో బేస్‌కు అంత చోటివ్వడం అప్పటికి అరుదు. ఆ ఖంగుమనే శబ్దం కోసం ఎంట్‌విసిల్ సన్నటి తీగలున్న డేన్‌ఎలక్ట్రో కంపెనీ బేస్ గిటార్ కొన్నాడు. తీగ తెగితే ఇంగ్లండ్‌లో విడిగా దొరికేది కాదు. తీగ కోసం గిటారే మళ్లీ కొన్నాడు, అదీ తెగింది. చివరికి రికార్డయింది ఫెండర్ కంపెనీ బేస్ మీద. మరుసటి ఏడాది తీగలు తయారుచేసే రోటోసౌండ్ కంపెనీతో కలిసి కూర్చుని తనకు కావలసిన తీగలు తయారు చేయించుకున్నాడు. ఆ రకం తీగలు ఇవాళ్టికీ అమ్ముడవుతున్నాయి. వేగం ఎవరైనా సాధనతో తెచ్చుకోవచ్చు. తన బృందానికి ఏ శబ్దం కావాలో ముందే చెవిలో విని, అది దొరికేదాకా ఊరుకోకపోవడం వేరే సంగతి.

అనుమానం ఉన్నవాళ్లు 1970 ఫిబ్రవరిలో లీడ్స్ విశ్వవిద్యాలయంలో జరిగిన ద హూ కచేరీ ఆల్బమ్ వినండి. అందులో బేస్ ఎడమవైపు, గిటార్ కుడివైపు వినిపిస్తాయి. కుడి ఇయర్‌ఫోన్ తీసేసి ఎడమదానితోనే వింటే ఎంట్‌విసిల్ ఎంత మోశాడో తెలుస్తుంది.

బేస్ ఇంత చోటు తీసుకోవడం బృందంలో అందరికీ సుఖంగా ఏమీ లేదు. ఎంట్‌విసిల్ 2002లో లాస్ వేగాస్‌లో, అమెరికా పర్యటన మొదలవడానికి ముందురోజు చనిపోయాడు. ఆ భారీ శబ్దం పోయాక గిటార్‌కు చోటు దొరికిందన్న అర్థంలో టౌన్షెండ్ 2019లో ఒక ఇంటర్వ్యూలో మాట్లాడాడు. అభిమానులు మండిపడ్డారు, ఆయన వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. చనిపోయిన సహచరుడి గురించి అన్న తీరు నాకూ నచ్చలేదు. అయితే ఆ మాటల్లో సంగీతానికి సంబంధించిన నిజం ఉంది. ఒకరు అంత చోటు నింపితే పక్కవాడికి మిగిలేది తక్కువే.

ఇప్పుడు యూట్యూబ్‌లో బేస్ ఒక్కటే విడదీసి వినిపించే వీడియోలు ఉన్నాయి. 1978లో షెప్పర్టన్‌లో ఎంట్‌విసిల్ వాయించినది అందులో ఎంతో పేరున్నది. మరుగున పడిన శ్రమను బయటికి తెచ్చినందుకు ఆ వీడియోలంటే నాకు గౌరవమే. కానీ వాటితో తీర్పు చెప్పడం మొదలైతే నష్టపోయేది లెడ్ జెప్లిన్ బేసిస్టు జాన్ పాల్ జోన్స్ లాంటివాళ్లు. ఆ బృందంలో జాన్ బాన్‌హమ్ డ్రమ్స్, జిమ్మీ పేజ్ గిటార్ ఇప్పటికే కొండంత ఉన్నాయి. వాళ్ల 1969 నాటి పాట ‘రాంబుల్ ఆన్’ చూడండి. అకూస్టిక్ గిటార్, తేలికపాటి దరువు మాత్రమే ఉన్న చరణాల్లో బేస్ హాయిగా పాడుతుంది. పల్లవిలో ఎలక్ట్రిక్ గిటార్ విరుచుకుపడగానే తగ్గి, డ్రమ్స్‌తో కలిసి నడుస్తుంది. ఆ తగ్గడంలోని తెలివి విడదీసిన ట్రాక్‌లో వినిపించదు.

మెకార్ట్నీ విషయంలో అభిమానులు చెప్పుకోవలసినంత చెప్పుకోని అంశం ఒకటుంది. 1966లో బీటిల్స్ పాట ‘పేపర్‌బ్యాక్ రైటర్’ కోసం ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ ఒక లౌడ్‌స్పీకర్‌నే మైకుగా మార్చి బేస్‌ను రికార్డు చేశాడు. మరుసటి ఏడాది ‘సార్జెంట్ పెప్పర్’ ఆల్బమ్ పాటల్లో చాలావాటికి మెకార్ట్నీ మిగతాదంతా పూర్తయ్యాక చివర్లో బేస్ వాయించాడు. గొంతు ఎక్కడ ఆగుతుందో, డ్రమ్ ఎక్కడ పడుతుందో తెలిసి వాయించిన బేస్ అది. అందుకే ఎక్కడా అడ్డం రాదు.

క్వీన్ బృందపు బేసిస్టు జాన్ డీకన్ పాఠకులు ఎంచుకున్న ఆ పదిమందిలో లేకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. 1980లో అమెరికాలో ఒకటో స్థానానికి చేరిన ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ ఆయన రాసిందే. ఆ పాటను నడిపేది స్వరాలతో పాటు వాటి మధ్య వదిలిన నిశ్శబ్దం. వేగానికి ఓటు వేసేవాళ్లకు అది కనపడదు.

జేమర్సన్ సంగతి వేరు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ దాకా మోటౌన్ తన స్టూడియో వాద్యకారుల పేర్లు కవర్ మీద వేయలేదు. పేరే తెలియనివాడికి ఓట్లెలా పడతాయి? ఇళయరాజా పాటల్లో బేస్ కోసమే హెడ్‌ఫోన్స్ పెట్టుకునే తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఆయన దగ్గర ఏళ్లపాటు బేస్ వాయించిన శశిధరన్ పేరు మన క్యాసెట్ కవర్ల మీద వెతికినా కనిపించేది కాదు.

ఓటు అడిగితే జంటలకు అడగాలి. జోన్స్‌తో బాన్‌హమ్, జేమర్సన్‌తో మోటౌన్ డ్రమ్మర్ బెన్నీ బెంజమిన్, ఎంట్‌విసిల్‌తో మూన్. నా ఓటు మూడో జంటకే. మూన్ 1978లో చనిపోయాడు. అతని స్థానంలో వచ్చిన కెన్నీ జోన్స్ మంచి డ్రమ్మర్, లెక్క తప్పనివాడు. 1981, 1982 నాటి ద హూ ఆల్బమ్‌లలో వాయించింది అదే ఎంట్‌విసిల్, అవే వేళ్లు. ప్రతి స్వరమూ శుభ్రంగా వినిపిస్తుంది. కానీ లయను అవతలివాడు స్థిరంగా పట్టుకున్నాక ఆ పరుగులకు పాటలో పని తగ్గిపోయింది.