ఇష్టం వెనుక అధికారం

స్విట్జర్లాండ్‌కు చెందిన ఆహారోత్పత్తుల దిగ్గజం నెస్లే 2025 సెప్టెంబరు 1న తన సీఈఓ లారెంట్ ఫ్రెక్స్‌ను పదవి నుంచి తొలగించింది. నేరుగా తన కింద పనిచేసే ఉద్యోగినితో ప్రేమ సంబంధాన్ని ఆయన సంస్థకు తెలియజేయలేదని విచారణలో తేలింది. మన పరిశ్రమకూ ఇది కొత్త కాదు. ఐటీ సేవల సంస్థ ఐగేట్ 2013 మే నెలలో సీఈఓ ఫణీశ్ మూర్తిని సాగనంపినప్పుడు చెప్పిన కారణం కూడా దాదాపు ఇదే.

ఇద్దరూ మేజర్లు, ఇద్దరికీ ఇష్టమే, మధ్యలో కంపెనీకేం పని అని ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా కొందరు అడుగుతుంటారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. సహోద్యోగులుగా పరిచయమై, పెళ్లి చేసుకుని, చక్కగా కాపురం చేసుకుంటున్న జంటలు మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో ఎందరో ఉన్నారు. వారి ప్రేమలపై మాకు ఏ ఆక్షేపణా లేదు. కానీ ఒకరి సెలవు, జీతం, పదోన్నతి మరొకరి సంతకం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ ఇష్టంలో మనసు పాలెంతో, భయం పాలెంతో బయటివారికే కాదు, ఒక్కోసారి ఆ ఇద్దరికీ తెలియదు.

ఏటా అప్రైజల్ (పనితీరు మదింపు) వేళ జరిగేదే చూడండి. ఉద్యోగిని తన ఏడాది పనినంతా కంప్యూటర్‌లో నింపి, తనకు తాను ఒక రేటింగ్ ఇచ్చుకుంటుంది. ఆ పక్క గడిలో మేనేజరు వేసే అంకెకే అసలు విలువ. ఇంక్రిమెంటు, ఆన్‌సైట్ (విదేశంలో పనిచేసే) అవకాశం, కొన్నిచోట్ల ఉద్యోగం సైతం దానితోనే ముడిపడి ఉంటాయి. ఆ అంకె వేసే మనిషి రాత్రి పది గంటలకు ‘రేపు డిన్నర్‌కు వెళ్దామా’ అని మెసేజ్ పెడితే, ఇంటి అద్దె, తమ్ముడి కాలేజీ ఫీజు మోస్తున్న అమ్మాయి ‘కుదరదు సార్’ అని టైప్ చేసి, చెరిపేసి, కాసేపాగి ‘సరే సార్’ అని పంపితే, దాన్ని సమ్మతి కింద ఎలా జమకట్టగలం?

బంధం నిజంగా ఇష్టపూర్వకమైనదే అయినా, అదే జట్టులో పనిచేసే మిగిలినవారి మాటేమిటి? తమకు దక్కాల్సింది పక్షపాతంతో మరొకరికి పోయిందన్న అనుమానం వారికి రాదా? మెక్‌డొనాల్డ్స్ 2019 నవంబరులో సీఈఓ స్టీవ్ ఈస్టర్‌బ్రూక్‌ను ఒక ఉద్యోగినితో సంబంధం కారణంగా తొలగించాక, ఆయనకు మరికొందరు ఉద్యోగినులతోనూ సంబంధాలున్నాయని, వారిలో ఒకరికి లక్షల డాలర్ల విలువైన షేర్లు మంజూరు చేశారని కోర్టులో ఆరోపించింది. చివరికి 2021 డిసెంబరులో ఆయన 10 కోట్ల డాలర్లకు పైగా విలువైన నగదు, షేర్లను సంస్థకు తిరిగి ఇచ్చేశారు.

మన దేశంలో ‘విశాఖ’ కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, దాని ఆధారంగా వచ్చిన 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం పనిచేసే చోట అవాంఛిత లైంగిక ప్రవర్తనను వేధింపుగా గుర్తించాయి. లొంగితే మేలు చేస్తానని ఆశ పెట్టడం, లేదంటే ఉద్యోగం పోతుందని బెదిరించడం కూడా ఆ పరిధిలోకే వస్తాయి. చిక్కల్లా ఇష్టంతో మొదలై, ఆమె వద్దన్న రోజు నుంచి వేధింపుగా మారే బంధాలతోనే. ఫిర్యాదుకు గడువు చివరి సంఘటన నుంచి మూడు నెలలు. ఫిర్యాదును విచారించే కమిటీ అంగీకరిస్తే మరో మూడు నెలలు. ఆ కొద్దికాలంలో ధైర్యం కూడగట్టుకుని వచ్చిన మహిళను ‘మొదట్లో మీకూ ఇష్టమే కదా’ అన్న ప్రశ్నతో వెనక్కి పంపడం అన్యాయం. నిన్నటి ఇష్టం నేటి వేధింపునకు అనుమతి కాజాలదు.

ఇలాంటి బంధం బయటపడగానే బదిలీ ఉత్తర్వు అందుకునేది చాలాచోట్ల కింది ఉద్యోగే. గుసగుసలు భరించేదీ, అర్హతతో తెచ్చుకున్న పదోన్నతికి సైతం సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేదీ ఆమే. ఈ పద్ధతి మారాలి. బంధం గురించి సంస్థకు తెలియజేయాల్సిన బాధ్యతను పూర్తిగా పై అధికారిపైనే పెట్టాలి. తెలిసిన వెంటనే రేటింగ్, జీతం, సెలవుల నిర్ణయాలను మరొకరికి అప్పగించాలి. జాగా మారక తప్పకపోతే అధికారే మారాలి. ప్రేమలను నిషేధించే నిబంధనలు మాత్రం ఎవరికీ మేలు చేయవు. అవి నిజాన్ని మరింత లోతుగా పాతిపెడతాయి.

పెద్ద కంపెనీల్లో కనీసం హెచ్‌ఆర్ విభాగమైనా ఉంటుంది. యజమానే బాస్ అయిన బట్టల దుకాణంలో, నర్సింగ్ హోమ్‌లో, ప్రైవేటు బడిలో పనిచేసే అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలి? పది మందికన్నా తక్కువ సిబ్బంది ఉన్నా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, జిల్లాలోని స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చని చట్టం చెబుతోంది. చట్టం అమలులో తీవ్ర లోపాలున్నాయని 2023 మే నెలలో సుప్రీంకోర్టే ఆవేదన వ్యక్తం చేసింది. ఆ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు తెలుగులో ప్రతి దుకాణం గోడ మీదా కనబడేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఆదేశించాలి. తనిఖీకి వెళ్లే కార్మిక శాఖ అధికారులు జీతాల రిజిస్టరుతోపాటు ఆ గోడనూ చూడాలి.