వదినగారికి వేరే జోడీ వెతకనక్కర్లేదు

మొన్న ముక్కనుమ సాయంత్రం అమలాపురంలో మన సంఘం పెట్టిన సంక్రాంతి కలయికకి వచ్చినవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. రానివాళ్లు వాట్సాప్‌లో చూసే ఉంటారు. వేదిక మీద పాట ఒక దారిన పోతుంటే తానొక దారిన పోతున్న పెద్దమనిషిని నేనే. పక్కన ఆకుపచ్చ చీరలో ఉన్నది మా ఆవిడ. జంటల డాన్సుకి మేం పేర్లు ఇవ్వలేదు. "సల్సా నేర్చుకుంటున్నారట కదా, రండి రండి" అని కుర్చీల్లోంచి లేపి తీసుకెళ్లారు.

"అన్నయ్యగారు డాన్సాడుతున్నారో, ఊడ్పుల మడిలో నడుస్తున్నారో తెలియట్లేదండి, ఆయ్!" అన్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. మాది రాజోలు పక్కన పల్లె. వెటకారం లేకపోతే మాకు అన్నం సయించదు. కుర్రాడు అక్కడితో ఆగలేదు. "వదినగారు మాత్రం ఇరగదీస్తున్నారండి. వదినగారికి వేరే జోడీ వెతుకుదామా?" అన్నాడు. హాలు ఇంకా గట్టిగా నవ్వింది. వెనక వరసలో ఒకరిద్దరు చేతులు కూడా ఎత్తారు. పాట ఇంకా నడుస్తూనే ఉంది. మా ఆవిడ నా చెయ్యి వదిలేసి, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని మెట్లు దిగిపోయింది.

పండగయ్యి మేం ఉంటున్న ఊరికి తిరిగొచ్చాక సల్సా క్లాసులు మొదలయ్యాయి. ఆవిడ రావట్లేదు. నేనొక్కణ్ణే వెళ్తున్నాను. డాన్సు బాగా వచ్చినావిడ ఇంట్లో ఉంది, రానివాడు క్లాసులో ఉన్నాడు. ఈ వ్యాసం అందుకే.

ఈ డాన్సు గొడవ మాకెందుకు పట్టిందో కొంచెం చెప్పాలి. మా ఆవిడది పాలకొల్లు. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. పెద్దమనిషి అయ్యాక ఇంట్లో గజ్జెలు విప్పించారు. పెళ్లయ్యాక మా ఇంట్లో ఎవరూ వద్దనలేదు, ఎవరూ అడగనూ లేదు. పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్లిపోయాక, మేం ఉంటున్న ఊరి కమ్యూనిటీ సెంటర్లో సల్సా నేర్పుతున్నారని కాగితం చూసి తనే అడిగింది. జోడీగా వెళ్తే ఫీజు తగ్గుతుందంది. నేను ఒప్పుకున్నది ఫీజు చూసే.

తెలియనివాళ్లకి ఒక మాట. సల్సా జంటగా ఆడే డాన్సు. 1960, 70ల్లో న్యూయార్కులో క్యూబా, ప్యూర్టో రికో వాళ్ల సంగీతం నుంచి పెరిగింది. లెక్క ఎనిమిది దెబ్బలు, అడుగులు మాత్రం ఆరే. నాలుగో దెబ్బకీ ఎనిమిదో దెబ్బకీ అడుగు వెయ్యకూడదు. నా కాళ్లకి అక్కడే పూనకం వచ్చేది. ఒకరోజు రాత్రి గిన్నెలు తోముతూ మా ఆవిడ తడి చేత్తో గట్టు మీద తట్టింది. "తకధిమి తకజణు. 'మి' దగ్గర ఆగండి, 'ణు' దగ్గర ఆగండి. అంతే." టీచరు నెలలపాటు వన్ టూ త్రీ అన్నా ఎక్కనిది ఆ తట్టుతో కొంచెం ఎక్కింది. వాల్ట్జ్ అనే ఇంకో జంట డాన్సు అయితే ఇంకా తేలికట, ఉత్త తకిట తకిటే.

వినడం ఒకటి, చెయ్యడం ఒకటి. ఈ జంట నాట్యాల్లో మామూలుగా మగవాడు లీడ్ చెయ్యాలి. పాట వినాలి, అడుగు వెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలో ముందే అనుకోవాలి, అది చేత్తో అవతలి మనిషికి తెలియజెయ్యాలి, పక్క జంటని గుద్దుకోకుండా చూసుకోవాలి. అందుకని మొదట్లో ఎక్కువగా లీడ్ చేసేవాడే వెనకబడతాడు. అలాగని ఫాలో అయ్యేవాళ్లకి కష్టం లేదని కాదు. మా ఆవిడకి పాట ముందే తెలిసిపోతుంది. నా చెయ్యి కదలకముందే తిరిగేసేది. టీచరు ఆవిణ్ణి కళ్లు మూసుకుని ఆడమంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను చెప్పేదాకా ఆవిడ ఆగింది అప్పుడే.

క్లాసులో ఇంకో పద్ధతి ఉంది. కొన్ని నిమిషాలకోసారి జోడీలు మారాలి. మొదటిరోజు నేను గోడకి అతుక్కుపోయాను. పరాయి ఆడవాళ్ల చెయ్యి పట్టుకోవడమేంటి, పైగా మా ఆవిడ ఎదురుగా! మా నాన్న వెనక నాలుగడుగుల దూరంలో మా అమ్మ కాలవ గట్టు మీద నడవడం చూస్తూ పెరిగినవాణ్ణి. టీచరు పట్టువదలక మార్పిస్తే అప్పుడు తెలిసింది, ఇంతకాలం నా తప్పులన్నీ మా ఆవిడ సర్దుకుంటూ వచ్చిందని. కొత్త మనిషి సర్దదు. నేను చేత్తో ఏం చెప్తే అదే చేస్తుంది, ఏమీ చెప్పకపోతే నిలబడిపోతుంది. భార్యాభర్తలు ఇంటికి వెళ్లేటప్పుడు కారులో ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవద్దని కూడా టీచరు అంది. అన్ని దేశాల వాళ్లూ అక్కడే కొట్టుకుంటారట.

ఇదంతా తెల్లవాళ్ల సంస్కృతి, మనకెందుకు అని అమలాపురంలో భోజనాల దగ్గర ఒక పెద్దాయన అన్నారు. (అప్పుడాయన ప్లేట్లో ఉన్నది నూడుల్స్.) నేనేం అనలేదు గానీ, అంతకు మూడు రోజుల ముందే భోగి సాయంత్రం మా ఊరి రామాలయం దగ్గర కోలాటం చూశాను. అంతర్వేది తీర్థానికి వెళ్లాలని ఆడవాళ్లు సాధన చేస్తున్నారు. ఒకావిడకి కోపు, అంటే ఆ అడుగుల, దెబ్బల వరస, అందట్లేదు. కర్ర అవతలి కర్రకి తగలక గాల్లో ఊగుతోంది. గురువమ్మ తాళాలు ఆపలేదు. లోపలి వరస ఒక మనిషి చొప్పున జరిగింది. ఆవిడ ఎదటికి గట్టి మనిషి వచ్చింది, కర్ర టక్కున తగిలింది. ఆ తర్వాత మనిషితో మళ్లీ తప్పింది, తర్వాత మళ్లీ కుదిరింది. వలయం తిరిగి మొదటి జోడీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి కుదుటపడింది. "దెబ్బ తప్పితే పర్వాలేదమ్మా, వరస తప్పకు" అంది గురువమ్మ. న్యూయార్కు సల్సాకి మా రామాలయం పద్ధతి ఎవరు చెప్పారో మరి.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికీ వెళ్లాం. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్రం శకటంగా పంపింది దాన్నే. వరిచేలల్లోంచి, కౌశిక కాలవ నీళ్లలోంచి "శరభ శరభ" అంటూ ప్రభని (దేవుడికి వెదురుతో కట్టి అలంకరించిన పెద్ద చట్రాన్ని) మోసుకొచ్చేటప్పుడు ఒకడి కాలు జారితే ఇంకొకడి భుజం వచ్చి చేరుతుంది. జారినవాణ్ణి మైకులో ఎవరూ ఏడిపించరు. మనవైపు మగాళ్లకి ఆట రాదనీ అనలేం. అమ్మవారి జాతరల్లో గరగలు (అమ్మవారి కలశాలు) నెత్తిన పెట్టుకుని ఆడేది మగాళ్లే. కూచిపూడి కృష్ణా జిల్లాదే అనుకోండి, కానీ సత్యభామ వేషం అంటే వేదాంతం సత్యనారాయణ శర్మగారే గుర్తొచ్చేవారు. మనకి రానిదల్లా పెళ్లాం చెయ్యి పట్టుకుని నలుగురిలో నిలబడటం.

కమిటీ వాళ్ల బాధ నాకు తెలియనిది కాదు. హాలు అద్దె, భోజనాలు, స్పాన్సర్లు, మధ్యలో అరగంట ఖాళీ వస్తే జనం బయటికి పోతారన్న టెన్షన్. "ఉత్తమ జంట" పోటీ పెడితే హాలు నిండుతుంది, పట్టుచీర ఇచ్చే కొట్టువాళ్లూ దొరుకుతారు. కొంతమంది జంటలు నెలలపాటు సాధన చేసి వస్తారు, వాళ్లకి పోటీ ఉండాల్సిందే. ఆ మైకు కుర్రాడి మీద కూడా నాకు కోపం లేదు. వాడు మావాడే, వాడి స్థానంలో పాతికేళ్ల కిందట నేనున్నా ఊడ్పుల మడి మాటతో ఆగేవాణ్ణి కాదు.

కానీ ఈ సరదా లెక్క ఎవరికి పడుతోందో చూడండి. నవ్వింది నన్ను చూసి, దిగిపోయింది ఆవిడ. మొగుడు నవ్వులపాలవుతుంటే చూస్తూ ఆడే ఆడది మన కోనసీమలో ఎక్కడుంది? మొగుడు సిగ్గుపడతాడని మానేసినవాళ్లు, మొగుడికి రాదని మానేసినవాళ్లు ఆ హాల్లోనే ఎంతమంది కూర్చున్నారో ఆడవాళ్లని అడగండి. నేను అడిగాను. మా వదిన, మా పిన్ని కూతురు, కమిటీలో ఉన్న ఒకరి భార్య, ముగ్గురూ అదే చెప్పారు.

అందుకని కమిటీ పెద్దలకి నా మనవి. ఉగాది కార్యక్రమానికి ఫారం పంపారు, చూశాను. పోటీ పెట్టుకోండి, పేర్లు ఇచ్చినవాళ్లనే పిలవండి. కుర్చీల్లో ఉన్నవాళ్లని చెయ్యి పట్టి లాగొద్దు. వీడియో ఆ జంటని అడక్కుండా గ్రూపులో పెట్టొద్దు. భోజనాలకి ముందు ఒక గంట మార్కులు, మైకు లేకుండా హాలు ఖాళీగా వదలండి. నిదానమైన పాటలు వెయ్యండి. డాన్సు వచ్చినవాళ్లు, రానివాళ్లు కలిసి ఆడతారు, జోడీలు మారడం ఇష్టమైనవాళ్లు మారతారు, కానివాళ్లు ఇంటిమనిషితోనే ఆడతారు. కోలాటం తెలిసిన అమ్మలు మన దగ్గర బోలెడుమంది ఉన్నారు, మొదలు వాళ్లతో పెట్టించండి. కుర్చీలు పక్కకి జరపడానికి పొద్దున్నే వస్తాను. మా ఆవిణ్ణి కూడా అడుగుతాను, కానీ నేనడిగితే లాభం లేదు. కమిటీ తరఫున ఎవరైనా ఒకరు ఫోన్ చేసి ఆవిడతో నేరుగా మాట్లాడండి. నంబరు మీ దగ్గర ఉంది.