ఎలుకల్ని అప్పుడే పక్కన పెట్టలేం

మందుల్ని పరీక్షించడానికి మనిషి కణజాలపు పలుచటి ముక్కలొచ్చాయి కాబట్టి ఇక ఎలుకలతో పనే లేదన్నట్టు ఓ వ్యాసంలో రాశారు. అంత తొందరొద్దండీ. ఆపరేషన్‌లో తీసిన ఊపిరితిత్తి స్పాంజిలా మెత్తగా ఉంటుంది, అలాగే కోస్తే నలిగిపోతుంది. అందుకే గోరువెచ్చటి అగరోజ్ (చల్లబడితే జెల్లీలా మారే పదార్థం) ద్రావణం ఎక్కించి, చల్లబడి గట్టిపడ్డాక, కంపించే బ్లేడుతో 200–300 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన కోస్తారు. మరీ మందమైతే లోపలి కణాలకు ఆక్సిజన్ అందదు. సరిగ్గా కుదిరితే మైక్రోస్కోపు కింద శ్వాసనాళం అంచున సన్నటి నూగు ఇంకా ఆడుతూనే కనిపిస్తుంది, శ్వాసనాళాల్ని బిగించే మెథకోలిన్ అనే మందు వేస్తే నాళం ముడుచుకోవడం కళ్లారా చూడొచ్చు. ఎలుక ఊపిరితిత్తి కన్నా ఇదే నయం, ఒప్పుకుంటాను. కానీ ముక్కలో రక్తం పారదు కదా! కొత్త రోగనిరోధక కణాలు ఎక్కడినుంచి వస్తాయి? కాలేయం మార్చేసిన మందు ఊపిరితిత్తినేం చేస్తుందో ఎలా తెలుస్తుంది? పైగా ఈ ముక్కలు చాలావరకు కేన్సర్ రోగులవే, కణితికి దూరంగా కోసినవైనా సరే. వ్యాసంలో ఆ ఊసే లేదు.