మా మామ్మ గుర్తొచ్చింది

96 ఏళ్లు బతికిన మీ తాతమ్మ గురించి రాసింది ఇప్పుడే చదివానండి, మునిమనవల్ని కూడా పేరు తప్పకుండా పిలిచేదన్న దగ్గర ఆగిపోయాను. మా మామ్మా అంతే. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర. పదిహేనేళ్లకే కాపురానికొచ్చి, ఏడుగురు పిల్లల్ని పెంచి, 94 ఏళ్లకి వెళ్లిపోయింది. 1986 ఆగస్టు వరదప్పుడు ఏటిగట్టు మీద పాకలో ఉండి పక్కవాళ్లందరికీ కూడా గంజి కాచిందట, నేనప్పటికి పుట్టలేదు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మాత్రం నాకు బాగా గుర్తు, గాలికి పెంకులు లేచిపోతుంటే మమ్మల్ని మంచం కిందకి తోసి తను తలుపుకి వీపు ఆనించి కూర్చుంది, తెల్లారి చూస్తే తోటలో కొబ్బరిచెట్లు దాదాపు అన్నీ పడిపోయున్నాయి. ఏడవలేదు. "కాయలు ఏరుదాం రండర్రా" అంది. మా దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది, డెబ్భై దాటిన మనిషి, అయినా వచ్చిన తొలకరికే దగ్గరుండి కొత్త మొక్కలు పాతించింది. ఆ కాయలు తను చాలా ఏళ్లు తినగలిగింది, అది తల్చుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. 2015 పుష్కరాలకి కోటిపల్లి రేవులో మా పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెంబుతో నీళ్లు పోసింది, పాపకి అదేమీ గుర్తులేదు, నేనే చెప్తుంటాను. మీ తాతమ్మ ఫొటో ఇంకోటి ఉంటే పెట్టండి ప్లీజ్, ఆ ముక్కుపుడక అచ్చం మా మామ్మదిలాగే ఉంది.